చివరి బంతికి ముందు బంతి

మనలో క్యారమ్స్ ఆడనివాళ్ళు అరుదు. వేసవి సెలవుల్లో వరండాలో బోర్డు వేసి, పౌడర్ చల్లి, మధ్యాహ్నమంతా ఆడిన తరం మనది. రెడ్ వేస్తే సరిపోదు, వెంటనే ఫాలో పడాలి. అందుకే రెడ్ మీద గురి పెట్టే ముందే ఫాలోకి ఏ కాయ ఉందో చూసుకోమని మన అన్నయ్యలు నేర్పారు. అయితే క్యారమ్స్‌లో మనకో వెసులుబాటు ఉంది. కాయ పడ్డాక స్ట్రైకర్ తిరిగి మన చేతికొస్తుంది. దాన్ని గీత మీద నచ్చినచోట పెట్టుకుని మళ్ళీ కొట్టవచ్చు.

పూల్ ఆటలో ఆ వెసులుబాటు లేదు. అక్కడ స్ట్రైకర్ పని చేసేది తెల్ల బంతి. కర్రతో దాన్ని కొడితే అది వెళ్ళి రంగు బంతిని తాకుతుంది, రంగు బంతి పాకెట్‌లో పడుతుంది. ఆ తరువాత తెల్ల బంతి ఎక్కడ ఆగిందో అక్కడినుంచే తరువాతి దెబ్బ కొట్టాలి. చేత్తో తీసి జరుపుకోవడానికి లేదు. అంటే ప్రతి దెబ్బకీ రెండు పనులుంటాయి. ఒకటి, ఎదురుగా ఉన్న బంతిని పాకెట్‌లో వేయడం. రెండోది, తరువాతి బంతికి అనువైన చోట తెల్ల బంతిని నిలపడం. చూసేవాళ్ళు మొదటిదానికి చప్పట్లు కొడతారు. ఆడేవాళ్ళు గెలిచేదీ ఓడేదీ రెండోదానితోనే.

ఈ రెండో పని ఒక విద్యగా ఎదగడానికి రెండు వందల ఏళ్ళు పట్టింది. ఆ కథ ఇప్పుడు చెప్పుకోవడానికి కారణం, అది తిరిగి తిరిగి సౌదీ అరేబియాకి, మనవాళ్ళు ఇన్ని వేలమంది ఉద్యోగాలు చేసుకుంటున్న జెద్దా, రియాద్‌లకి వచ్చి చేరడం. 2024 జూన్‌లో ప్రపంచ పూల్ ఛాంపియన్‌షిప్ జెద్దాలో జరిగింది. 128 మంది ఆటగాళ్ళు, మొత్తం పది లక్షల డాలర్ల బహుమతులు, అందులో విజేతకి రెండున్నర లక్షలు. 15 ఆటలు ముందుగా ఎవరు గెలిస్తే వారిదే టైటిల్ అన్న ఫైనల్లో అమెరికా తరపున ఆడిన ఫెడోర్ గోర్స్ట్, అల్బేనియాకి చెందిన ఎక్లెంట్ కాచిని 15-14తో ఓడించాడు. ఇరవై ఎనిమిది ఆటలు ఆడాక కూడా ఇద్దరూ సమానంగా నిలిచి, ఇరవై తొమ్మిదో ఆటతో విషయం తేలింది. మరుసటి ఏడు, 2025 జూలైలో, మళ్ళీ జెద్దాలోనే ఫిలిప్పీన్స్ ఆటగాడు కార్లో బియాడో అదే గోర్స్ట్‌ని 15-13తో ఓడించాడు. 2018 దాకా సినిమా హాలే లేని దేశం ఇది. 2016లో ప్రకటించిన విజన్ 2030 తరువాత ఆటలూ పాటలూ వరసగా వచ్చాయి. డబ్బుతో ఆటలని కొని పేరు బాగుచేసుకుంటున్నారన్న విమర్శ కూడా వాటి వెంటే వచ్చింది. ఆ తగువు అలా ఉంచి, ఇక్కడిదాకా వచ్చిన ఆ ఆట లోపల ఏముందో చూద్దాం.

మొదట్లో తెల్ల బంతిని ఎక్కడ ఆపాలన్న ఆలోచనకే చోటు లేదు. పద్ధెనిమిదో శతాబ్దం చివరివరకూ కర్ర కొస నున్నటి చెక్క. బంతి నడిమధ్యన కాక కాస్త పక్కన కొడితే కర్ర జారిపోయేది. ఆ స్థితిని మార్చినవాడు ఫ్రెంచి సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసిన ఫ్రాన్స్వా మెంగో. ఏదో నేరం మీద పారిస్ జైల్లో ఉండగా అక్కడి బిలియర్డ్స్ బల్ల మీద సాధన చేస్తూ, కర్ర కొసకి తోలు ముక్క తొడిగాడు. 1807లో విడుదల చేస్తామంటే, ఆట మీద పరిశోధన పూర్తికాలేదు, ఇంకొన్నాళ్ళు ఉంటానని అడిగాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ సంగతేమో గానీ తోలు కొస మాత్రం ఆటను తలకిందులు చేసింది. ఇప్పుడు బంతిని పైభాగాన కొట్టవచ్చు, కింద కొట్టవచ్చు, పక్కన కొట్టవచ్చు. పైన కొడితే తెల్ల బంతి రంగు బంతిని తాకాక దాని వెనకే ముందుకి పోతుంది. కింద కొడితే తాకి వెనక్కి వస్తుంది. కొట్టిన బలాన్నీ దూరాన్నీ సరిచూసుకుని, తాకే క్షణానికి దానిలో ఏ తిరుగుడూ మిగలకుండా చేస్తే, ఎదురెదురుగా తగిలినప్పుడు తన వేగమంతా రంగు బంతికి ఇచ్చేసి ఉన్నచోటే ఆగిపోతుంది. మొదటిసారిగా తెల్ల బంతి మనిషి మాట వినడం మొదలుపెట్టింది.

తరువాతి నలభై ఏళ్ళలో బల్ల కూడా మాట వినడం నేర్చుకుంది. లండన్‌లో జాన్ థర్స్టన్ కంపెనీ 1826లో చెక్క పలక బదులు పలకరాయి పరిచింది. మన బడి పలక రాయే అది. చెమ్మకి ఉబ్బదు, వంగదు. 1845లో వల్కనైజ్ చేసిన రబ్బరు అంచులు వచ్చాయి. అంతకుముందు అంచుల్లో కూరిన గుడ్డలకి తగిలి బంతి ఎటు పోతుందో, ఎంత వేగంతో పోతుందో చెప్పడం కష్టం. రబ్బరుతో లెక్క కుదిరింది. ఇక బంతులు ఏనుగు దంతంతో చేసినవి. ఒక్కో దంతం నుంచి నాలుగైదు బంతులకి మించి వచ్చేవి కావు. పైగా వాతావరణాన్ని బట్టి అవి ఆకారం మారేవి. దంతానికి బదులు మరొక పదార్థం కనిపెట్టినవారికి పదివేల డాలర్లిస్తామని అమెరికాలో ఒక బిలియర్డ్స్ వ్యాపార సంస్థ ప్రకటించింది. ఆ ప్రయత్నంలోనే జాన్ వెస్లీ హయట్ సెల్యులాయిడ్‌ను వాడుకలోకి తెచ్చాడు. ప్లాస్టిక్ పరిశ్రమకి తొలి అడుగుల్లో ఒకటి ఈ ఆట కోసం పడింది.

వీటి మధ్య 1835లో ఒక పుస్తకం వచ్చింది. ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి కొరియోలిస్ పేరు తెలుసు. తుఫాను గాలులు ఎందుకు సుడి తిరుగుతాయో చెప్పేటప్పుడు వినిపించే పేరే అది. ఆయన ఆ ఏడు బిలియర్డ్స్ ఆట గణితం మీద ఒక పూర్తి గ్రంథం రాశాడు. తిరుగుతున్న తెల్ల బంతి మరో బంతిని తాకాక వంపు తిరిగే దారి పారబోలా అని చూపించాడు. తెల్ల బంతి తిరుగుడు లేకుండా జారుతూ వచ్చి పక్కగా తగిలితే, రెండు బంతులూ విడిపోయే దారుల మధ్య తొంభై డిగ్రీలు ఉంటుందన్నది నేటికీ ఆటగాళ్ళు వాడే మొదటి లెక్క. నిజానికి చాలామంది ఛాంపియన్లు కొరియోలిస్ పేరే విని ఉండరు. అయితే తెల్ల బంతి ఎక్కడికి పోతుందన్నది అదృష్టం కాదు, ముందుగా లెక్క కట్టగలిగిన సంగతి అన్న మాట కాగితం మీదికి ఎక్కింది.

ఈ కుటుంబంలోని ఆటల్లో ఒకటి మన దేశంలోనే పుట్టింది. 1875లో జబల్పూరులో నెవిల్ ఛాంబర్లేన్ అనే బ్రిటిష్ యువ సైనికాధికారి, వానాకాలంలో తోచక, ఉన్న ఆటకి రంగు బంతులు చేర్చి స్నూకర్ తయారుచేశాడు. తరువాత బ్రిటిష్ ప్రధాని అయిన ఛాంబర్లేన్ వేరు, ఈయన వేరు. 1882లో ఊటీ క్లబ్బులో ఆ ఆట నియమాలు రాసి గోడకి తగిలించారు. అప్పటికి ఊటీ మద్రాసు ప్రెసిడెన్సీకి వేసవి రాజధాని. మన కోస్తా జిల్లాలూ సీమ జిల్లాలూ ఆ ప్రెసిడెన్సీలోవే. మన జిల్లాల పరిపాలన దస్త్రాలు ఎండాకాలంలో ఏ కొండెక్కేవో, స్నూకర్ నియమాలు ఆ కొండ మీదే స్థిరపడ్డాయన్నమాట. అటు హైదరాబాదులో ఫలక్‌నుమా ప్యాలెస్‌కి వెళ్ళినవాళ్ళు అక్కడి బిలియర్డ్స్ గదిని చూసే ఉంటారు.

సాధనాలు సిద్ధమయ్యాయి. కానీ చివరి బంతుల గురించి ముందే ఆలోచించక తప్పని ఆట మాత్రం అమెరికాలో వచ్చింది. 1910లో జెరోమ్ కియో అనే ఆటగాడు ఒక చిన్న మార్పు చేశాడు. పదిహేను బంతుల్లో పద్నాలుగు వేసి ఒకదాన్ని బల్ల మీద వదిలేయాలి. వేసిన పద్నాలుగింటినీ మళ్ళీ త్రికోణంలో పేర్చాలి. ఆ మిగిలిన ఒక్క బంతినీ, తెల్ల బంతినీ ఎక్కడున్నవి అక్కడే ఉంచాలి. ఆటగాడు ఆ మిగిలిన బంతిని వేస్తూ, అదే దెబ్బతో పేర్చిన బంతుల్ని చెదరగొట్టి, ఆట కొనసాగించాలి. ఇదే స్ట్రెయిట్ పూల్.

ఈ చిన్న మార్పుతో ఆటగాడి ఆలోచన వెనకనుంచి ముందుకి నడవడం మొదలైంది. పదిహేనో బంతి త్రికోణానికి పక్కన సరైన చోట మిగలాలి. అందుకని దాన్ని మొదటే ఎంచుకుని ముట్టుకోకుండా వదలాలి. దానికి సరైన కోణంలో తెల్ల బంతి రావాలంటే పద్నాలుగో బంతి ఏదై ఉండాలి? ఆ పద్నాలుగో బంతికే ఆటగాళ్ళు ‘కీ బాల్’ అని పేరు పెట్టారు. తాళంచెవి బంతి అనుకోవచ్చు. విల్లీ మస్కోనీ అనే మహా ఆటగాడు 1954 మార్చిలో ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక్క దెబ్బ కూడా తప్పకుండా 526 బంతులు వేశాడు. పద్నాలుగుతో భాగించి చూడండి. ముప్ఫై ఏడుసార్లు బంతులు తిరిగి పేర్చారు, ముప్ఫై ఏడుసార్లూ ఆయన తాళంచెవి సరిగ్గా తిరిగింది. 2019లో జాన్ ష్మిట్ 626 వేసేదాకా, అరవై అయిదేళ్ళు ఆ రికార్డు నిలిచింది.

ఇప్పుడు జెద్దాలో ఆడిన నైన్ బాల్ సంగతి. ఇందులో 1 నుంచి 9 దాకా అంకెలున్న బంతులు. బల్ల మీద ఉన్నవాటిలో అతి చిన్న అంకెనే తెల్ల బంతి ముందుగా తాకాలి. 9 పడితే ఆట ముగిసినట్టే. చూడడానికి స్ట్రెయిట్ పూల్ కంటే సులువు అనిపిస్తుంది. కానీ ఏ బంతి తరువాత ఏ బంతి అన్న ఎంపికే మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నదల్లా తెల్ల బంతి ఎక్కడ ఆగాలన్నదే.

చివరి మూడు బంతులు, 7, 8, 9 మిగిలాయనుకుందాం. కొత్తగా ఆడేవాడు 7ని చూస్తాడు, వేస్తాడు. తరువాత 8ని చూస్తాడు. నేర్చినవాడు ముందు 9ని చూస్తాడు. 9 ఏ పాకెట్‌లో పడుతుంది? దానికి తెల్ల బంతి ఎక్కడ ఉండాలి? 8ని వేశాక తెల్ల బంతి అక్కడికి పోవాలంటే 8కి ఏ పక్కన నిలబడాలి? ఆ పక్కకి రావాలంటే 7ని ఎలా కొట్టాలి? ఇన్ని ప్రశ్నలకీ జవాబు దొరికాకే ఆయన వంగి కర్ర బల్ల మీద పెడతాడు.

ఇందులో రెండు కిటుకులున్నాయి. మొదటిది, 8 బంతీ పాకెట్టూ తెల్ల బంతీ సూటిగా ఒకే గీత మీద ఉండడం మంచిదని మనకి అనిపిస్తుంది. వేయడానికి అది మంచిదే. కానీ సూటిగా ఉంటే తెల్ల బంతి ఆ గీత మీదే ముందుకో వెనక్కో పోగలదు, లేకపోతే ఆగిపోతుంది. 9 బంతి పక్కనెక్కడో ఉంటే అటు వెళ్ళే దారి లేదు. అందుకని ఆటగాడు కావాలని కాస్త కోణం మిగుల్చుకుంటాడు. ఆ కోణం కూడా సరైన పక్క ఉండాలి. ఎడమకి ఉండాల్సింది కుడికి ఉంటే తెల్ల బంతి 9కి దూరంగా పోతుంది. ఈ ఆటలో వినిపించే నిట్టూర్పుల్లో చాలా భాగం ఇక్కడివే. 8 పడింది, అయినా ఆట పోయింది.

రెండోది, తప్పు జరగడానికి చోటు వదలడం. పాకెట్టునీ తరువాతి బంతినీ కలిపే గీతని వెనక్కి పొడిగించి ఊహించుకోండి. తెల్ల బంతి ఆ గీత వెంబడే నడిచి వస్తే ఒక జానెడు ఇటు ఆగినా అటు ఆగినా పెద్ద తేడా లేదు. ఆ గీతని అడ్డంగా దాటుతూ వస్తే రెండంగుళాలు ఎక్కువైనా కోణం మారిపోతుంది. గొప్ప ఆటగాళ్ళ గొప్పతనం తెల్ల బంతిని చుక్క పెట్టినట్టు ఆపడంలో ఉందని మనం అనుకుంటాం. అది కొంతవరకే నిజం. చుక్క మీద ఆగకపోయినా నష్టం లేని దారిని ఎంచుకోవడంలో వాళ్ళ తెలివి ఎక్కువగా ఉంది. అందుకే వాళ్ళ ఆట చూస్తే మామూలుగా, కొంచెం విసుగ్గా కూడా ఉంటుంది. అన్నీ సులువైన దెబ్బలే కొడుతున్నట్టుంటారు. ఆ సులువు అంతకుముందు దెబ్బలో సంపాదించుకున్నది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ పద్ధతి మరో పేరుతో తెలుసు. 1950లలో రిచర్డ్ బెల్మన్ అనే గణితవేత్త డైనమిక్ ప్రోగ్రామింగ్ అనే విధానాన్ని రూపొందించాడు. అనేక దశలున్న సమస్యని చివరి దశ నుంచి మొదలుపెట్టి వెనక్కి విప్పుకుంటూ రావాలన్నది దాని సారం. మనీలాలో తన మేనమామ పూల్ హాల్లో పెరిగి, చిన్నప్పుడు రాత్రిళ్ళు పూల్ బల్ల మీదే పడుకున్న ఎఫ్రెన్ రేయెస్‌కి బెల్మన్ ఎవరో తెలిసే అవకాశం లేదు. కానీ 1999లో కార్డిఫ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఆయన చేసిందీ అదే. ఆయన్ని చూసి ఫిలిప్పీన్స్‌లో ఒక తరం ఆట నేర్చుకుంది. 2017లో దోహాలో, 2025లో జెద్దాలో గెలిచిన బియాడో ఆ తరువాతి తరం వాడు. సౌదీలో మనలాగే పొట్టపోసుకుంటున్న ఫిలిప్పీన్స్ వారికి ఆ గెలుపు ఎంత దగ్గరిదో, క్రికెట్ మ్యాచ్ రోజున మన గదుల్లో సందడి చూసినవాళ్ళకి వేరే చెప్పాలా?

చివరి బంతి ఖరీదు ఎంత పెరగవచ్చో రియాద్‌లో చూశాం. 2024 మార్చిలో అక్కడ జరిగిన స్నూకర్ పోటీలో ఒక బంగారు బంతి పెట్టారు. మామూలుగా స్నూకర్‌లో ఒకే విడతలో గరిష్ఠం 147 పాయింట్లు. అది పూర్తిచేసినవాడికే ఆ బంగారు బంతిని వేసే హక్కు. వేస్తే మరో 20 పాయింట్లు, మొత్తం 167. పైగా అయిదు లక్షల డాలర్లు. అదే ఏడు డిసెంబరులో దాన్ని పది లక్షలు చేశారు. రెండుసార్లూ ఎవరికీ దక్కలేదు. లెక్క ఆలోచిస్తే కారణం తెలుస్తుంది. నల్ల బంతి ఉండే కొసకి ఎదురు కొసన, పన్నెండడుగుల బల్లకి ఆ చివర, బంగారు బంతి ఉంది. మామూలుగా అయితే చివరి నల్ల బంతి పడ్డాక తెల్ల బంతి ఎటు పోయినా ఎవరికీ పట్టదు. ఇక్కడ మాత్రం ఆ చివరి దెబ్బ కూడా మరో దెబ్బకి ముందు దెబ్బ అయింది. ముగింపు అనుకున్నది ముగింపు కాకపోతే ముందున్న లెక్కలన్నీ తిరగరాసుకోవాలి.

ఈ మాట సౌదీలో ఉన్న మనకి కొత్త కాదు. అమెరికా, ఆస్ట్రేలియా వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది అక్కడే స్థిరపడ్డారు. సౌదీ సంగతి వేరు. 2019లో ప్రీమియం రెసిడెన్సీ వచ్చినా, శాశ్వతంగా కావాలంటే ఎనిమిది లక్షల రియాళ్ళు కట్టాలన్నారు. మనలో ఎక్కువమందికి ఇకామా, ఉద్యోగం ఉన్నంతవరకే. కరీంనగర్, నిజామాబాద్ నుంచి వచ్చిన మేస్త్రీ అయినా, హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరయినా ఒకరోజు ఫైనల్ ఎగ్జిట్ వేయించుకుని వెళ్ళాల్సిందే. మన బల్ల మీద 9 బంతి మొదటిరోజు నుంచీ కళ్ళెదుటే ఉంది. అయినా చాలామందిమి 1 తరువాత 2, 2 తరువాత 3 అన్నట్టు ఏ ఏటికాయేడు ఆడుకుంటూ పోతాం.

ఒక్క ఉదాహరణ చెబుతాను. సౌదీ కార్మిక చట్టం ప్రకారం, ఉద్యోగం విడిచేటప్పుడు వచ్చే సర్వీసు మొత్తం మొదటి అయిదేళ్ళకి ఏడాదికి సగం నెల జీతం, ఆపైన ఏడాదికి ఒక నెల జీతం. కానీ మనంతట మనం రాజీనామా చేస్తే, అయిదేళ్ళు దాటి పదేళ్ళు నిండకపోతే అందులో మూడింట రెండొంతులే ఇస్తారు. పదేళ్ళు నిండితే మొత్తం ఇస్తారు. పదేళ్ళు పూర్తయినవాడికి ఏడున్నర నెలల జీతం. పిల్లాడి కాలేజీ మొదలవుతోందని రెండు నెలల ముందు రాజీనామా చేసినవాడికి అయిదు నెలలకి కాస్త తక్కువ. తేడా రెండున్నర నెలల జీతం. పిల్లాడు పన్నెండో తరగతి ఏ ఏడు ముగిస్తాడో పుట్టినప్పుడే తెలుసు. మనం ఉద్యోగంలో చేరిన తేదీ కాంట్రాక్టు మీదే ఉంది. ఈ రెండు తేదీలనీ పక్కపక్కన పెట్టి చూడడమే ఇక్కడ కీ బాల్.

చోటు వదలడం మాటకి కూడా ఇక్కడ ఉదాహరణ ఉంది. 2017 జూలైలో, కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకి వంద రియాళ్ళ రుసుము మొదలైంది. ఏటా వంద చొప్పున పెరిగి 2020 నాటికి నాలుగు వందలయింది. భార్యా ఇద్దరు పిల్లలున్న ఇంటికి నెలకి 1200 రియాళ్ళు. జీతం మొత్తాన్ని ఇంచుమించు సరిపెట్టుకున్న ఇళ్ళు రెండేళ్ళు తిరక్కుండా ఖాళీ అయ్యాయి. భార్యాపిల్లలు ఊరికెళ్ళారు, మగవాళ్ళు మళ్ళీ బాచిలర్ గదుల్లోకి మారారు. అది వాళ్ళ లెక్క తప్పని అనలేం, నియమమే మారింది. కానీ అడ్డంగా దాటే దారిలో ఉన్నవాళ్ళకే దెబ్బ గట్టిగా తగిలింది.

జీవితం పూల్ బల్లంత చదునుగా ఉండదని నాకూ తెలుసు. బంతుల మీద అంకెలు వేసినంత స్పష్టంగా బాధ్యతల మీద అంకెలుండవు. అమ్మ ఆరోగ్యం, చెల్లెలి పెళ్ళి, ఊళ్ళో సగం కట్టిన ఇల్లు వరస తప్పించి ముందుకొస్తాయి. అయినా మెంగో తోలు కొస తొడిగిననాటి నుంచి బియాడో జెద్దాలో కప్పు ఎత్తిననాటి దాకా ఈ ఆట ఒకే మాట చెబుతూ వచ్చింది. చివరి బంతి సాధారణంగా సులువే. దాన్ని సులువు చేసేది అంతకు ముందు బంతి. మన ఫైనల్ ఎగ్జిట్ ఏ ఏడాది అన్నది ఈ సంవత్సరం ఇంట్లో కూర్చుని, భార్యాభర్తలిద్దరూ కలిసి, ఒక కాగితం మీద చివరి నుంచి వెనక్కి రాసుకుంటూ వస్తే, ఇప్పుడు కొట్టాల్సిన దెబ్బ ఏదో దానంతటదే కనిపిస్తుంది. ఆ తేదీ తరువాత మారవచ్చు, మారినా ఫర్వాలేదు. అసలు రాసుకోకపోతేనే కష్టం.